గీత మీద నిలవనివాడు

నాలుగుంబావు బోటు కూడా వెళ్లిపోయింది, శివాజీ ఎక్కలేదు. అండమాన్‌లో, చాతం జెట్టీలో రేకుల షెడ్డు కింద స్తంభానికి ఆనుకుని, పాదాల మధ్య బూట్ల సంచీ పెట్టుకుని, వాన రేకుల మీద వేసే దరువంతా తన నెత్తి మీదే వేస్తున్నట్టు మొహం చిట్లించుకుని నిలబడ్డాడు. చేతిలో ఫోనుంది. ఫోన్లో ఫుట్‌బాల్ గేమ్, అందులో ఇరవై రెండు మంది ఆటగాళ్లున్న క్లబ్బుంది, పన్నెండు క్లబ్బుల లీగులో అది పదకొండో చోట వేలాడుతోంది, ఆఖరివాడు లీగులోంచి పోతాడన్న నియమం ఉంది, కొత్తవాణ్ణి తీసుకోవాలంటే సాయంత్రం అయిదు వరకే గడువని ఎర్ర అక్షరాలున్నాయి. అవతల ఒడ్డున బ్యాంబూఫ్లాట్ గ్రౌండులో నిజం ఆట ఉంది, రేపే ఫైనలు, డెలానీపూర్ జట్టు మీద, ఇవాళ సాయంత్రం ప్రాక్టీసుకి రానివాడికి జెర్సీ లేదని కోచ్ గారి హుకుం ఉంది. ఆ ప్రాక్టీసుకి వేళకి చేర్చే ఆఖరి బోటు కూడా అయిదుకే. రెండు గడువులూ ఒకే గంటకి పెట్టినవాడెవడో గాని శివాజీ మీద బాగా కక్ష ఉన్నవాడే.

ఎక్కుతాడా, ఎక్కడా? ఎక్కడు. ఎందుకెక్కాలి? మధ్యాహ్నం రెండున్నరకి, పెదబాబు గారి కొట్లో బోటింజన్ల పిస్టన్ రింగులు సైజుల వారీగా సర్దుతుండగా జట్టు గ్రూపులో రేపటి లిస్టు పడింది, చేతులకి గ్రీజుంటే ముక్కుతో తోసి చూశాడు స్క్రీను, అంత ఆత్రం. గోలీ, రైట్ బ్యాక్, మధ్యలో ఇద్దరు, లెఫ్ట్ బ్యాక్ అని రాసి పక్కన పైడిబాబు. పైడిబాబు! ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పైడిబాబు, పరిగెత్తమంటే ఎక్కడికి అని అడిగే పైడిబాబు, ఎడమ కాలికి బంతి తగిలితే దణ్ణం పెట్టుకునే పైడిబాబు. తన పేరు కోసం కిందికి, ఇంకా కిందికి, గీత గీసిన తర్వాత ఎక్స్‌ట్రాల్లో, పద్నాలుగో నంబరు. ఆ లిస్టు రాసినవాడు ఎవడో పరాయివాడైతే గోడకి తల కొట్టుకుని ఊరుకునేవాడు. రాసింది యువరాజ్. ఒకటో క్లాసు నుంచి ఒకే బెంచీ, ఒకే వీధి, వాడి ఇంట్లో చేప వండితే వీడి కంచంలో ముల్లుండేది. రెండేళ్ల కిందట మోకాలు పోయి యువరాజ్ ఆట మానేసి కోచ్ అయ్యాడు. కోచ్ అయ్యి ఏం చేశాడంటే శివాజీని తీసేశాడు. లిస్టు కింద ఒక్క ముక్క కూడా రాయలేదు, ఫోను చెయ్యలేదు, ఇదిగో ఇందుకురా అని చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాడు కాబోలు.

అందుకే కొట్లోంచి గంట ముందే బయటపడి, జెట్టీకి వచ్చి, బోటు ఎక్కకుండా గేమ్ తెరిచాడు. కోపం వచ్చినప్పుడు కొందరు తాగుతారు, కొందరు ఇంట్లో గిన్నెలు విసురుతారు, శివాజీ డిఫెన్స్ సర్దుతాడు. ఇందులో కూడా యువరాజ్ ఉన్నాడనుకోండి, ఎక్కడికి పోతాడు, క్లబ్బు ఇద్దరిదీ. మూడేళ్లుగా చెరో ఫోన్లోంచి నడుపుతున్నారు. ఎవర్ని బయటికి పంపాలన్నా ఇద్దరూ నొక్కాలి, ఒకడు నొక్కితే చాలదు, ఆ ఏర్పాటు శివాజీ పట్టుబట్టి పెట్టించిందే. ఒకసారి తను చుట్టాల పెళ్లికని డిగ్లీపూర్ బస్సెక్కి రోజంతా అడవిలో నెట్‌వర్క్ లేకుండా కూర్చున్నప్పుడు, ఇక్కడ యువరాజ్ ఒక్కడే ముచ్చటపడి ఉన్న మంచి గోలీని పంపించేసి, జుట్టు బాగుందని ఎవడో ఫార్వర్డుని తెచ్చాడు. ఆ జుట్టు చూసుకుంటూ ఆరు మ్యాచులు ఓడారు. అప్పట్నించీ ఇద్దరి బొటనవేళ్లూ పడితే గాని ఎవడూ గడప దాటడానికి లేదు.

నాలుగు ఇరవై రెండు. వెతుకుడు పెట్టాడు. స్థానం లెఫ్ట్ బ్యాక్, పాత్ర గీత కాసేవాడు. చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, వాన పడితే ఇక్కడ నెట్‌వర్క్ కూడా తడుస్తుంది, తిరుగుతోంది, ఎనభై ఆరు మంది వచ్చారు. ఒక్కొక్కడి మొహం పక్కన రెండు గుర్తులు. ఒకటి వాడెంత ఆటగాడో చెప్పే అంకె, రెండోది మన పద్ధతికి వాడు ఎంత నప్పుతాడో చెప్పే చుక్క. ఆకుపచ్చ చుక్కైతే నప్పుతాడు, పసుపైతే చూసుకోవాలి, ఎరుపైతే వాడెంత మొనగాడైనా మనకి పనికిరాడు. కొత్తగా ఆడేవాళ్లంతా అంకె చూసి ఎగబడతారు. తొంభై అని కనిపిస్తే నోరు తెరిచేస్తారు. శివాజీ అంకె చూడడు, చుక్క చూస్తాడు, ఆ సంగతి యువరాజ్‌కి నేర్పడానికి ఏడాది పట్టింది, టీకొట్టు బల్ల మీద సీసా మూతలు నాలుగు వరసగా పేర్చి, ఒరేయ్, వీళ్లు నలుగురు కాదురా, ఒకే తాడు, ఇందులో ఒకడు గొప్పోడైతే మనకి ఒరిగేదేం లేదు, నలుగురూ ఒకలాగే కదలాలి అని గొంతు పోయేలా చెప్పాడు. నేర్చుకోవడమైతే నేర్చుకున్నాడు, ఎంత బాగా నేర్చుకున్నాడో మధ్యాహ్నం రెండున్నరకి చూపించాడు కూడా.

ఆ పద్ధతికి వల అని పేరు పెట్టింది కూడా శివాజీయే. వాళ్ల నాన్న అప్పయ్య, తాత నూకన్న, అందరూ అలివి వల లాగినవాళ్లు. ఆ వలని పడవ మీద సముద్రంలోకి అర్ధచంద్రంగా విడిచి వస్తే, ఒడ్డున ఈ కొస తాడు పది మంది, ఆ కొస తాడు పది మంది పట్టుకుని వెనక్కి అడుగులేస్తూ లాగాలి. రెండు పక్కలూ సమంగా రావాలి. ఒక పక్క తొందరపడితే వల వంకరపోతుంది, కింది అంచు పైకి లేస్తుంది, గంట సేపు కష్టపడి తెచ్చిన చేప కింద సందులోంచి ఠక్కున జారుకుంటుంది. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడు కూడా అంతే గదా అని శివాజీకి పంతొమ్మిదో ఏట తట్టింది, తట్టిన రోజున వాడికి నిద్ర పట్టలేదు. నలుగురు డిఫెండర్లు ఒకే గీత మీద నిలబడి, అవతలివాళ్లు బంతి తన్నే క్షణానికి నలుగురూ ఒక్కసారి రెండడుగులు ముందుకేస్తే చాలు, గోలు కొట్టడానికి కాచుకున్న వాళ్ల స్ట్రైకర్ గీత వెనక ఒంటరిగా మిగిలిపోతాడు, ఈల పడుతుంది, బంతి మనది. నలుగురిలో ఏ ఒక్కడు వెనకబడ్డా ఆ స్ట్రైకర్‌కి లైసెన్సు ఇచ్చినట్టే. ఇంత తెలివైన ఊహ అండమాన్ మొత్తం మీద ఇంకెవరికీ వచ్చి ఉండదని వాడి నమ్మకం. ఆ నమ్మకం మీద మూడేళ్లుగా ఓడిపోతున్నాడు.

"ఏటిరా శివా, మూడు బోట్లెల్లిపోనాయి, సూస్తన్నాను. ఎక్కవేటి?" తవిటమ్మ పిన్ని, అదే వీధి, ఖాళీ చేపల గంప బోర్లించి దాని మీద కూర్చుని గోనెపట్టా కప్పుకుని ఉంది. కాళ్లు రెండూ షెడ్డు బయట వానలో చాపుకుంది, నొప్పులకి మంచిదట.

"ఎక్కుతాను పిన్నీ. సిన్న పనుంది."

"ఫోనులోనేటి పని? మీ అమ్మ రెండుపాల్లు సేసిందట, తియ్యనేదట. నాకు సేసి అడగతంది, గుంటడు ఏడున్నాడని. నానేటి సెప్పాల?"

"బోటు కోసం ఉన్నాడని సెప్పు."

"బోటు ఇక్కడే ఉంది కదరా!" అంది, నిజంగానే ఉంది, నాలుగూ నలభై బోటు వచ్చి ఆనుకుంటోంది, తాళ్లు వేస్తున్నారు, ఆవిడ లేచి గంప చంకన పెట్టుకుని, వీణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి, బూట్ల సంచీ చూసి, లిస్టులో పేరు లేదేటి అని అడగబోయి అడగకుండా వెళ్లింది. అడిగినా బావుండేది. అడగకుండా వదిలిపెట్టిన జాలి ఉంది చూశారూ, అది చొక్కా లోపలికి వాన నీళ్లు దిగినట్టు దిగుతుంది. బండ్లవాళ్లు తడి గొడుగులు మూస్తూ ఎక్కారు, స్కూలు పిల్లలు తోసుకుంటూ ఎక్కారు, తాడు విప్పే మనిషి వీడి వైపు చెయ్యి ఊపి, "చల్నా హై క్యా భయ్యా?" అని కేకేశాడు, "నహీ, అగ్లా," అన్నాడు శివాజీ. తర్వాతది అంటే అయిదుది. అంటే ఎక్కుతాడనా? నోటికొచ్చింది అన్నాడంతే, మాట ఇచ్చినట్టు కాదు.

ఎనభై ఆరు మందిలో ఆకుపచ్చ చుక్క ఉన్నవాళ్లు ముగ్గురే. మొదటివాణ్ణి పక్క క్లబ్బువాళ్లు ఎగరేసుకుపోయారు, చూస్తుండగానే మొహం బూడిద రంగైపోయింది. రెండోవాడికి మోకాలి దెబ్బ, రెండు నెలలు లేవడు. మూడోవాడికి ముప్పై నాలుగేళ్లు, ముందు నుంచి బట్టతల, అంకె అరవై ఎనిమిది, పరుగు నలభై, హెడ్డింగు ఫర్వాలేదు, గీత మీద నిలకడ తొంభై మూడు. తొంభై మూడు! ఎవరికీ అక్కర్లేని ముసలివాడు, ఎవరూ కన్నెత్తి చూడని మొహం, ఆ మొహంలో కాస్త పైడిబాబు పోలికలున్నాయని అనిపించి శివాజీకి ఒళ్లు మండింది. కానీ వీడే కావాలి. మూడేళ్లుగా వెతుకుతున్నది వీణ్ణే. వెయ్యి మందిని తిరగేసినా ఈ గీతకి ఇంతకంటే అతికినట్టు సరిపోయేవాడు దొరకడు. తీసుకో అన్నచోట నొక్కాడు. జట్టు నిండింది, ఒకరిని పంపితే గాని చోటు లేదు, అంది గేమ్.

నాలుగూ నలభై నాలుగు. ఎవర్ని పంపాలి? రెండో గోలీ, వీల్లేదు, ఇద్దరుండాలని లీగు నియమం. మధ్యలో ఆడే కవలలు, ఒకణ్ణి పంపితే రెండోవాడు అలుగుతాడు, ఈ గేమ్ చేసినవాడెవడో అలగడం కూడా పెట్టాడు. జుట్టు ఫార్వర్డు, వాడు యువరాజ్ ముద్దు, వదలడు. కుడివైపు కుర్రాడు, వాడొక్కడే ఈ సీజన్‌లో సరిగ్గా ఆడింది. మరి మిగిలింది లెఫ్ట్ బ్యాకే. కొత్త లెఫ్ట్ బ్యాక్ వస్తుంటే పాత లెఫ్ట్ బ్యాక్ పోవాలి, అది ఒకటో క్లాసు పిల్లాడికి కూడా తెలిసిన లెక్క. ఆ లెక్క శివాజీకి మూడేళ్లుగా తెలుసు. తెలిసి తెలిసి ఆ పేరు దగ్గర వేలు ఆగకుండా పక్కకి జారిపోయేది, ఇప్పుడూ జారిపోయింది, ఇప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చి పెట్టాడు. ఆ పేరు శివాజీ. మొహం వీడిదే, ఫొటో తీసి ఎక్కించింది, బ్యాంబూఫ్లాట్ టీకొట్టు ముందు, నుదుటి మీద కుంకుమ బొట్టుతో సహా. క్లబ్బు మొదలెట్టినప్పుడు ఇద్దరికీ చెరో బొమ్మ చేసుకునే వీలిచ్చింది గేమ్. వీడి అంకెలు వాడు వెయ్యాలి, వాడి అంకెలు వీడు వెయ్యాలి, అబద్ధం ఆడకూడదని టీ గ్లాసుల మీద ఒట్టు. పరుగు ఎనభై ఎనిమిది వేశాడు యువరాజ్, బంతి లాక్కోవడం ఎనభై అయిదు, గుండె ధైర్యం తొంభై. గీత మీద నిలకడ దగ్గర ఆగి, గ్లాసు అడుగున మిగిలిన టీ తాగి, నలభై ఒకటి వేశాడు.

నలభై ఒకటా? ఇదేంట్రా అంటే, అంతేరా, దాన్నేం చేస్తాం అన్నాడు, నవ్వాడు. శివాజీ కూడా నవ్వాడు, నవ్వి ఇంటికెళ్లి ఆ అంకె మార్చడానికి నానా తంటాలూ పడ్డాడు, ఒకసారి వేస్తే మారదట. అందరికంటే పెద్ద అంకె, అందరికంటే ఎర్ర చుక్క. అయినా ఎడమ పక్క వాణ్ణే పెడుతూ వచ్చారు, నలభై ఆరు మ్యాచులు, పడిన గోల్స్‌లో ముప్పావు వంతు ఎడమ నుంచే. ప్రతి గోలు తర్వాత గేమ్ ఒకసారి మళ్లీ చూపిస్తుంది, నెమ్మదిగా, ఇదిగో ఇక్కడ పోయింది అని. ఎన్నిసార్లు చూశాడో. ముగ్గురు ముందుకి అడుగేస్తారు. చిన్న శివాజీ, స్క్రీను మీద వేలి గోరంత శివాజీ, అవతల స్ట్రైకర్ కదలడం చూడగానే భయపడిపోయి, అయ్యో పోతున్నాడు పోతున్నాడని వెనక్కి పరిగెత్తుతాడు, ప్రాణం పెట్టి పరిగెత్తుతాడు పాపం, వాడలా పరిగెత్తడం వల్లే గీత చెడుతుంది, ఈల పడదు, గోలు పడుతుంది. పెద్ద శివాజీ మంచం మీద లేచి కూర్చుని, నిలబడి చావరా వెధవా, ఎందుకురా వెనక్కి, నిన్నెవడు పరిగెత్తమన్నాడ్రా అని ఫోనుని తిట్టేవాడు. అమ్మ వంటింట్లోంచి ఎవర్నిరా ఆ తిట్లు అంటే, నన్నేలే అనేవాడు.

పోయిన ఆదివారం సెమీఫైనల్లో పడిన గోలుకి లైన్ రిఫరీది తప్పని వారం రోజులుగా కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. పిస్టన్ రింగులు కొనడానికి వచ్చిన పెద్దమనిషి, పాపం బంగారాజుపేట నుంచి వలసొచ్చిన ముసలాయన, ఆఫ్‌సైడంటే ఏంటో తెలియకుండానే అవునవునని తల ఊపాడు. అసలేం జరిగిందంటే, ఇప్పుడిక్కడ వానలో చాతం రంపపు మిల్లు వైపు నుంచి తడిసిన పడాక్ చెక్క వాసన వస్తుంటే, ఎందుకో ఆ గోలు మొత్తం గేమ్‌లో చూపించినట్టు నెమ్మదిగా, పైనుంచి, తనని కూడా గోరంత చేసి చూపిస్తోంది బుర్ర. అవతలి జట్టు స్ట్రైకర్, తొమ్మిదో నంబరు, కదిలాడు. మనవాళ్లు ముగ్గురు, రైట్ బ్యాక్ అప్పలరాముడు, మధ్యలో ఇద్దరు, ముందుకి అడుగేసి చేతులెత్తారు, ఆఫ్‌సైడని. ముగ్గురి చేతులూ గాల్లో. నాలుగో చెయ్యి ఏది? నాలుగోవాడు పది గజాలు వెనక, ప్రాణం పెట్టి పరిగెత్తుతున్నాడు. లైన్ రిఫరీ జెండా ఎందుకెత్తుతాడు? పరుగుకి జనం చప్పట్లు కొట్టారు కూడా, శివాజీ చూడరా ఎలా ఉరికాడో అని. ఆ చప్పట్లు చెవుల్లో ఉండిపోయి ఇంకేం వినపడలేదు వీడికి, బెంచీ దగ్గర యువరాజ్ వంగి మోకాలు పట్టుకుని ఏదో అరిచాడు, పేరు పెట్టి అరిచాడు, బహుశా నిలబడి చావరా అనే అయ్యుంటుంది.

పదిహేడో ఏట నాన్న కూడా తాడు దగ్గర్నుంచి తీసేశాడు. అది గుర్తు రావలసిన అవసరం ఇప్పుడేముంది, అయినా వచ్చింది. ఎడమ కొస తాడు పట్టుకుని, తన బలం అందరికీ తెలియాలని, అందులోనూ ఆ రోజు పక్క వీధి మంజు వాళ్ల అమ్మతో ఒడ్డుకి వస్తోందని రెండు రోజుల ముందే తెలుసు గనక, ఊగిపోయి లాగాడు. వెనకవాళ్లు తూలుతున్నా లాగాడు. వల వంకరపోయింది, కవళ్ల చేపల గుంపు మొత్తం జారిపోయింది, ఇరవై మంది పొద్దుటి కష్టం. అప్పయ్య కేకలెయ్యలేదు. దగ్గరికొచ్చి తాడు మీంచి వీడి వేళ్లు ఒక్కొక్కటి విడదీశాడు. "నీకు బలం ఉందిరా. పక్కోడి సెయ్యి ఇనడం నేదు. ఎల్లి తాడు సుట్టు," అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు తాడు చుట్టాడు, అక్కడే వల ఎలా రావాలో, ఎక్కడ వంకరపోతుందో, పక్కనుంచి చూసి చూసి నేర్చుకున్నాడు. అంటే ఈ పద్ధతి కనిపెట్టింది దాన్ని పాడుచేసి బయటికి నెట్టబడినవాడు. ఇది తెలివో, ఖర్మో, వాడికే అర్థం కాలేదు. చేసేది రాదు, చెప్పేది వచ్చు, ఛీ.

నాలుగూ యాభై రెండు. అవతల నుంచి బోటు బయలుదేరింది, వాన తెరలో తెల్లగా ఆనవాలు తెలుస్తోంది. కోపం ఇంకా అలాగే ఉంది, కాకపోతే ఎవరి మీదో తెలియక అటూ ఇటూ తిరుగుతోంది. యువరాజ్ మీద పెట్టుకుందామంటే వాడు చేసింది తను నేర్పిన పాఠమే. పైడిబాబు మీద పెట్టుకుందామంటే పైడిబాబు నిలబడమన్నచోట నిలబడతాడు, తల్లి పిలిచినా కదలడు, అదే కదా కావలసింది. సరే. సరే అయితే. న్యాయం అంటే న్యాయమే, గ్రౌండులో ఒకటి గేమ్‌లో ఒకటి ఉండకూడదు. శివాజీ పేరు మీద బొటనవేలు గట్టిగా నొక్కి పట్టాడు. పంపించాలా అని అడిగింది. బొట్టు పెట్టుకుని ఇరవై మూడేళ్ల వయసులో నవ్వుతున్న తన మొహం, పంపించాలా అని కింద. అవును. రెండో మేనేజర్ ఒప్పుకోవాలి, వేచి ఉండండి. యువరాజ్ పేరు పక్కన పచ్చదీపం వెలుగుతోంది, గ్రౌండులో వాన తగ్గడం కోసం ఏ చూరు కిందో నిలబడి ఫోను చూస్తున్నట్టున్నాడు. నొక్కుతాడు. వాడికేం, మధ్యాహ్నమే ఒకసారి చేసిన పని, చెయ్యి తిరిగి ఉంటుంది.

చక్రం తిరుగుతుంటే ఇంకొకటి గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఉండాల్సింది. యువరాజ్‌కి కూడా ఒక బొమ్మ ఉండేది. ఫార్వర్డు, తొమ్మిదో నంబరు. రెండేళ్ల కిందట మోకాలు తెగి ఆసుపత్రిలో కట్టుతో పడుకున్నప్పుడు, వాడు అక్కణ్ణుంచే తన బొమ్మని తనే బయటికి పంపుతానని గేమ్‌లో పెట్టాడు. అప్పుడు శివాజీ కొట్లో ఉన్నాడు, ఎవరికో ప్రొపెల్లర్ చూపిస్తున్నాడు, ఫోను మోగింది, చూశాడు, మంచిదే, ఒక చోటు ఖాళీ అవుతుంది, స్ట్రైకర్ని తెచ్చుకోవచ్చు అనుకున్నాడు, నొక్కేశాడు. రెండు సెకన్లు పట్టిందేమో. నొక్కి ప్రొపెల్లర్ గురించి మళ్లీ చెప్పడం మొదలెట్టాడు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్లినప్పుడు యువరాజ్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నొప్పి అనుకున్నాడు శివాజీ. నొప్పేలే. ఎందుకు పెట్టాడు వాడు ఆ పని? నొక్కుతావా అని అడగడానికి పెట్టాడా? ఇన్నాళ్లూ ఈ ప్రశ్న ఎందుకు రాలేదు తనకి, బంతి ఎటు పోతే అటు పరిగెత్తే బుర్రకి ఎలా వస్తుంది.

టింగుమంది ఫోను. ఒప్పుకోలేదు.

శివాజీకి అర్థం కాలేదు. నెట్‌వర్క్ అనుకున్నాడు. మళ్లీ నొక్కాడు, పంపించాలా, అవును, వేచి ఉండండి. ఒప్పుకోలేదు. నాలుగూ యాభై ఆరు. ఇదేం పాడు మొండితనం, ముసలివాడు దొరికాడురా, తొంభై మూడు, ఆకుపచ్చ, ఎవడో ఎగరేసుకుపోతాడు, క్లబ్బు పోతుందిరా యెదవా అని గేమ్‌లోని చాట్‌లో గబగబా కొట్టాడు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, సగం తప్పులతో. మూడోసారి నొక్కాడు. ఈసారి చక్రం ఒక్క తిప్పు కూడా తిరగలేదు, అవతల వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నట్టున్నాడు. ఒప్పుకోలేదు. ఆ వెనకే వాట్సాప్‌లో వాయిస్ మెసేజి, ఏడు సెకన్లు. ఫోను చెవికి ఆనించుకున్నాడు, వాన ఇక్కడా ఉంది, అందులోనూ ఉంది, పైడిబాబు ఎవర్నో బంతి తెమ్మని కేకెయ్యడం ఉంది, దాని మీద యువరాజ్ గొంతు, తగ్గించి, పక్కవాళ్లకి వినపడకుండా.

"ఒరే, నిన్ను ఒకపాలి తీసీడానికే నాకు పొద్దున్నుంచి ముద్ద దిగనేదు. రెండోపాలి నా వల్ల కాదురా."

మళ్లీ విన్నాడు. మూడోసారి వినబోతుంటే పైనుంచి ఎర్ర పట్టీ దిగింది, గడువు ముగిసింది. బట్టతల ముసలివాడి మొహం బూడిద రంగైంది. పోయింది, క్లబ్బు పోయినట్టే, ఈ రాత్రి ఆఖరి మ్యాచు, ఎడమ పక్క నలభై ఒకటిగాడే నిలబడతాడు, నిలబడడు, వెనక్కి పరిగెత్తుతాడు, గోలు పడుతుంది. దొంగ సచ్చినోడు, తెలివి లేని సచ్చినోడు, మూడేళ్లు నేర్పిందంతా ఈ ఒక్క నిమిషంలో తగలేశాడు అని పైకే తిట్టాడు శివాజీ, పక్కన స్కూటరాయన తిరిగి చూస్తే వాన వైపు మొహం తిప్పుకున్నాడు. బోటు ఆనుకుంది. తాడు మనిషి మళ్లీ వీణ్ణే చూసి నవ్వి, "అగ్లా?" అన్నాడు. కాదన్నట్టు తల ఊపి, బూట్ల సంచీ భుజానికి తగిలించుకుని, బోటుకి వేసిన బల్ల మీదుగా లోపలికి నడిచాడు. అందరికంటే ముందు ఎక్కడం వాడికి అలవాటు. ఇవాళ ముందు ఒక ముసలాయన చేతికర్రతో ఒక్కొక్క అడుగూ వేస్తుంటే, వెనకాల వాన పడుతున్నా, ఆయన అడుగేసినప్పుడు ఒక అడుగేస్తూ, ఆగినప్పుడు ఆగుతూ వెళ్లాడు.